తెరపి

“ఆవిడ బతికుండగానే నోరు విప్పించాలి. అదీ సాయంత్రం సమావేశం మొదలయ్యేలోపు,” అన్నాడు గూఢచారి శాఖ అధిపతి. శాఖలో అందరికీ ఆయన పెద్దాయన.

కారులో పక్కన కూర్చున్న ఏజెంట్‌ని తాబేలు అంటారు. నిదానంగా కదులుతాడు, పట్టు మాత్రం వదలడు.

“ఎవరు సార్?”

“నెమలి.”

తాబేలుకి ఆ పేరు కొత్త కాదు. ఒకప్పుడు పరాయి నగరంలో ఒక మిషన్ కోసం అతనికి భార్యగా నటించింది నెమలి. ఇటు శాఖకూ అటు విదేశీ ముఠాకూ పనిచేసే డబుల్ ఏజెంట్ అని తేలేసరికి ఎగిరిపోయింది.

“ఫ్యాక్టరీలో వెల్డింగ్ అతుకులు పరీక్షించే రేడియేషన్ క్యాప్సూల్. గోరంత ఉంటుంది. ఆవిడే మోసుకొచ్చింది, జబ్బుపడి ఆసుపత్రిలో మనకు చిక్కింది. ముఠావాళ్ళు దాన్ని శాంతి చర్చల హాల్లో పెట్టారు. పేలదు, వాసన రాదు. ప్రతినిధులు ఇళ్ళకెళ్ళాక మంచం పడతారు, నింద మన నెత్తిన పడుతుంది. రేడియేషన్ పసిగట్టే గీగర్ కౌంటర్లతో గాలించాం, దొరకలేదు.”

“కిరణాలు బయటికి రానివ్వని ఏదో షీల్డ్‌లో దాచారన్నమాట.”

“విరుగుడు మందుందని ఆశ పెట్టు. చెప్పేస్తుంది.”

తెల్లకోటు, మాస్కు తగిలించుకుని తాబేలు ఆసుపత్రిలో దిగాడు. వరండాలో పొట్ట జబ్బుల డాక్టరమ్మ అతన్ని ఆపింది.

“ఆ క్యాప్సూల్ ఉన్న డబ్బా మోసిన గంటలోపే ఆవిడకి వాంతులు, విరేచనాలు. అంత త్వరగా మొదలయ్యాయంటే డోస్ అంత ఎక్కువ.”

“ఇప్పుడు తగ్గిందటగా?”

“అదే మోసమండీ. వాన తెరపి ఇచ్చినట్టు. పేగుల లోపలి పొర అరుగుతూ ఉంటుంది, కొత్తది పుడుతూ ఉంటుంది. ఆ పుట్టించే కణాలే చచ్చాయి. పాత పొర రాలిపోయాక ఒంట్లో నీరు నిలవదు. నెత్తురు పోతుంది, క్రిములు రక్తంలోకి దూరతాయి. సెలైన్, యాంటీబయాటిక్స్ ఇస్తాం. అంతకుమించి మా చేతుల్లో లేదు.”

నెమలి అద్దం పట్టుకుని లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది.

“రండి శ్రీవారూ! మాస్కు ఒక్కటే మారింది, నడక మారలేదు,” అంది. “నాకు బాగానే ఉంది. ఆకలి కూడా వేస్తోంది. రేపు డిశ్చార్జి చేయించుకుంటా.”

“డబ్బా ఎక్కడ కట్టుకున్నావు?”

“నడుముకి. మందపాటి సీసం, ఏం కాదన్నారు.”

విరుగుడు అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. జీవితమంతా అబద్ధాలతోనే నెట్టుకొచ్చినవాడు, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

“ఉత్త రేకు డబ్బా అది,” అన్నాడు. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాడు, దాచకుండా.

నెమలి చెయ్యి మెల్లగా పొట్ట మీదికి చేరింది.

“మందుందని చెప్పమన్నారు కదూ?”

“అవును.”

“మరి?”

“నోరు రాలేదు.”

ఆమె నవ్వబోయింది. కళ్ళు నిండాయి. “సమావేశం అధ్యక్షుడి మైకు స్టాండు. దిమ్మంతా సీసమే. మైకు ఆన్ చేయగానే దాని షట్టర్, అదే మూత, తెరుచుకుంటుంది. పరుగెత్తు!”

భద్రత కోసం హాల్లో ఫోన్లన్నీ జామ్ చేశారు. తాబేలు పరుగెత్తడం శాఖలో అంతవరకూ ఎవరూ చూడలేదు. రెండు వీధులు దాటి, కాపలావాళ్ళను తోసుకుని అతను లోపల పడేసరికి అధ్యక్షుడి వేలు స్విచ్ మీద ఉంది. క్లిక్! షట్టర్ సన్నగా కదిలింది. జేబులో రేడియేషన్ కొలిచే పెన్ను ఆకారపు డోసిమీటర్ కీచుమంది. తాబేలు వైరు పీకి, అరచేత్తో షట్టర్‌ని నొక్కి మూశాడు.

“ఈ మైకు పనిచేయదేమిటి?” అని విసుక్కున్నాడు అధ్యక్షుడు.

ఆసుపత్రికి తిరిగొచ్చిన తాబేలు చేతి నుంచి డాక్టరమ్మ రక్తం తీసింది. “రిపోర్టు రావాలి. ఇంకా రెండు మూడుసార్లు తీయాలి,” అంది, అతని కళ్ళలోకి చూడకుండా.

నెమలికి సెలైన్ ఎక్కుతోంది. లిప్‌స్టిక్ చెరిగిపోయింది. అతను మంచం పక్కన కూలబడ్డాడు.

“కడుపులో తిప్పుతోంది,” అన్నాడు మెల్లగా.

నెమలి అతని చెయ్యి అందుకుంది. “కంగారు పడకండి శ్రీవారూ. నిజం చెప్పారు కదా. అలవాటు లేని పని, ఒంటికి పడి ఉండదు.”