కూత పెడితే అవుట్

శనివారం పొద్దున ఆరింటికి, తోట గేటు దగ్గర డాక్టరుగారు నాతో అన్న మొదటి మాట, “కదలకండి.”

కదల్లేదు. ఆవిడ చూపు నా మీదే ఉందనుకుని లోలోపల మురిసిపోయాను. తీరా చూస్తే నా చెవి పక్క కొమ్మ మీద ఏదో పిట్ట. అది ఎగిరిపోగానే ఆవిడ బైనాక్యులర్స్ దించేసి ముందుకి నడిచింది.

ఆవిడ పళ్ళ డాక్టరు. నాది కళ్ళజోళ్ళ షాపు. వారం కిందట బైనాక్యులర్స్ రిపేరుకి తెచ్చి, “మీకు పక్షులంటే ఇష్టమా?” అనడిగింది.

“ప్రాణమండీ!” అన్నాను. అప్పటికి నాకు తెలిసిన పక్షులు రెండే రకాలు. కాకి, కాకి కానిది.

అలా పక్షుల్ని చూసే వాళ్ళ గ్రూపులో పడ్డాను. గ్రూపుకి పెద్ద, రిటైరైన లెక్కల మాస్టారు. రెండు రోజుల్లో తోటలో ఎన్ని రకాల పక్షులున్నాయో ఆయన నోటుబుక్కులోకి ఎక్కాలి.

“ఇది గూళ్ళు కట్టుకునే కాలం. ఫోన్లో కూత పెట్టి పిట్టల్ని పిలిచారో, గ్రూపులోంచి అవుట్! మా ఆవిడైనా సరే,” అన్నారు.

“నన్ను తీసేద్దురూ, ఆదివారమైనా హాయిగా పడుకుంటాను,” అంది ఆయన భార్య, ఫ్లాస్కులోంచి టీ పోస్తూ.

ఆ రోజంతా మెడ పట్టేసింది. చీమలు ప్యాంటులోకి దూరాయి.

“అదిగో, ఆ రెండాకుల కింద!” అనేది డాక్టరుగారు.

“ఏ రెండాకులండీ?”

“ఎగిరిపోయింది.”

చెట్టుకి పదివేల ఆకులున్నాయి మరి.

సాయంత్రం ఆవిడ నిట్టూర్చింది. “మూడేళ్ళుగా ఆ పసుపు పిట్ట కోసం తిరుగుతున్నాను. కూత వినడమే గానీ, ఒక్కసారీ కంటపడలేదు.”

నా కోసం ఎవరైనా అంతలా నిట్టూర్చి ఉంటే ఈపాటికి పెళ్ళయిపోయేది. పిట్ట మీద కుళ్ళు పుట్టింది. అయినా దాన్ని ఆవిడకి చూపించి తీరాలనుకున్నాను.

ఆదివారం పొద్దున ముళ్ళపొద వెనక్కి దూరి, ఫోన్లో పసుపు పిట్ట కూత పెట్టాను.

అవతలి నుంచి జవాబొచ్చింది!

మళ్ళీ పెట్టాను. మళ్ళీ వచ్చింది. అరగంట పాకాను. చొక్కా చిరిగింది గానీ పిట్ట కనబడలేదు.

లెక్క చెప్పే వేళకి డాక్టరుగారు పరుగున వచ్చింది. జుట్టునిండా ఆకులే.

“రాయండి మాస్టారూ! పసుపు పిట్ట! అరగంటసేపు బదులిచ్చింది!”

మాస్టారు పెన్ను ఆపారు. “బదులా? దేనికమ్మా?”

ఆవిడ మొహం పాలిపోయింది. నాకప్పుడు వెలిగింది. ఆ బదులిచ్చింది నేనే!

ఒప్పుకుంటే గ్రూపులోంచి అవుట్. ఇక ఆవిడని చూడాలంటే పన్ను పీకించుకోవాలి. ఊరుకుంటే ఆవిడ ఒక్కతే దొరికిపోతుంది.

“తప్పు నాది మాస్టారూ. ఫోన్లో కూత పెట్టింది నేను. డాక్టరుగారు విన్నది పిట్టని కాదు,” అన్నాను.

ఆవిడ కళ్ళలోని సంబరం ఆరిపోయింది.

“అయితే మీరు విన్నదీ పిట్టని కాదు,” అంది మెల్లగా. “నేనూ పెట్టాను మాస్టారూ.”

“ఇద్దరూ అవుట్! ఆ ఫోన్లు ఇక్కడ పెట్టండి. సాయంత్రందాకా ఇవ్వను!”

మాస్టారి భార్య పగలబడి నవ్వింది. “ఒకటి పిలిస్తే ఇంకోటి పలికిందంటే జత కుదిరినట్టేనని మీరేగా పాఠం చెప్పారు! వెళ్ళండమ్మా, సుఖంగా ఉండండి.”

తలలు దించుకుని గేటుదాకా నడిచాం.

“పక్షులంటే ప్రాణమన్నారుగా, అది ఫోన్ కూతని ఆ మాత్రం కనిపెట్టలేకపోయారా?” అంది.

“పక్షులు కాదండీ. మీరు,” అనేశాను.

అప్పుడు వినిపించింది కూత.

“ఫోన్ ఆపండి,” అంది.

“మాస్టారి దగ్గరుందండీ. మీది?”

“నాదీ అక్కడే.”

మళ్ళీ కూసింది. నా వెనకే, చాలా దగ్గరగా. ఆవిడ మూడేళ్ళుగా వెతికిన పిట్ట! నేను గబుక్కున తిరగబోయాను.

“కదలకండి,” అంది.

నా జుట్టులోంచి ఓ ఆకు తీసింది. బైనాక్యులర్స్ ఆవిడ మెడలోనే వేలాడుతున్నాయి.