ఎర్ర కారుకి కొత్త సీటు

కారు లోపల గొడుగు వేసుకుని కూర్చున్న మనిషిని దబ్బనం అంతకుముందెప్పుడూ చూడలేదు.

పొద్దున్నే వచ్చి షాపు షట్టరు ఎత్తబోతుంటే ఎదురుగా ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు ఆగి ఉంది. పాతకాలం బండి. నేలని కరుచుకుని పడుకున్నట్టుంది. వాన దంచుతోంది. గుడ్డ టాపుకి పడ్డ చిరుగుల్లోంచి ధారలు కారుతుంటే, స్టీరింగ్ వెనకాల ఒకమ్మాయి నల్లగొడుగు పట్టుకుని దర్జాగా కూర్చుంది.

అతను కిటికీ దగ్గరికి వంగాడు.

"బయటికి వచ్చేయండి. అక్కడికంటే బయటే తక్కువ తడుస్తారు."

"తొమ్మిదింటికి తెరుస్తామని బోర్డు మీద రాశారు."

"వానకి కొంచెం ఆలస్యమైంది."

"నేనూ ఆ వానలోనే వచ్చాను."

అతను గబగబా షట్టరు పూర్తిగా ఎత్తి, కారుని లోపలికి తోశాడు.

పొడుగ్గా, సన్నగా ఉంటాడు. తోలు కుట్టే పెద్ద సూది ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. అందుకే వీధిలో అందరికీ అతను దబ్బనమే. పాత కార్ల లోపలి పని అతనిది. సీట్లు, టాపు, తలుపుల లైనింగు, కింద పరిచే కార్పెట్, ఏదైనా చేస్తాడు. ఆమె పళ్ళ డాక్టరు. పక్కవీధి మలుపులోనే క్లినిక్.

అతను సీటు కవరు మీద చెయ్యి వేసి నొక్కాడు. లోపల ఏదో గబగబా పరిగెత్తింది. ఆమె ఎగిరి వెనక్కి దూకింది.

"ఎలకలు కాపురం పెట్టాయండీ. ఖాళీ చేయించాలి."

"ఏం చేసినా ఒరిజినల్ ఎలా ఉందో అలాగే ఉండాలి. రంగూ, కుట్టూ, అన్నీ. మీ సొంత తెలివితేటలేవీ వద్దు. కొనేవాళ్ళు అలాగే అడిగారు."

"అమ్మేస్తున్నారా?"

ఆమె ముఖంలో పెంకితనం ఒక్కసారిగా దిగిపోయింది.

"నాన్నది. మోకాలికి ఆపరేషనైంది. నడుస్తారు, మెట్లెక్కుతారు. కారు నడపొచ్చని డాక్టరు కూడా చెప్పారు. కానీ ఈ గుంటలోకి దిగి లేవడం ఆయన వల్ల కావట్లేదు. ఒకసారి కూర్చుని లేవలేకపోయారు. నేనూ అమ్మా చెరో చెయ్యీ పట్టుకుని లాగాం. ఎదురింటివాళ్ళు బాల్కనీలోంచి చూశారు. ఆ రోజునుంచీ ఆయన కారు వైపు చూడటం మానేశారు. అమ్మేయమన్నారు."

"మీకు ఇష్టమేనా?"

"నన్నెవరు అడిగారు?" అంది ఆమె. గొడుగు మూసి, నీళ్ళన్నీ అతని చెప్పుల మీద దులిపి వెళ్ళిపోయింది.

పని మొదలైంది. క్లినిక్ మూయగానే ఆమె షాపుకి వచ్చేది. చూసి వెళ్ళిపోవడానికే వచ్చేది కానీ వెళ్ళేది కాదు. రోజంతా నోరు తెరుచుకుని పడుకునేవాళ్ళతో ఒంటరిగా మాట్లాడే మనిషికి, తిరిగి మాట అనే మనిషి దొరికాడు.

"ఈ కుట్టు వంకరగా లేదూ?"

"పళ్ళు పీకేవాళ్ళకి కుట్ల సంగతి ఏం తెలుస్తుందండీ?"

"మేమూ కుట్లు వేస్తాం. మా గుడ్డ మూలుగుతుంది కూడా."

అతను నవ్వి, తోలు తొడిగిన స్టీరింగ్ చక్రాన్ని ఆమె ముందుకు తోశాడు. "అయితే వేయండి."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. మైనం పట్టించిన దారం, వంకర సూది తీసుకుని, పెదవి కొరుక్కుంటూ చక్రం చుట్టూ కుట్టుకుంటూ వెళ్ళింది. అతను పక్కన తోలు కత్తిరిస్తున్నట్టు నటించాడు. ఎంతసేపటికీ అతని కత్తెర ముందుకు కదల్లేదు.

"ఎలా ఉంది?"

"నా కుట్టుకంటే శుభ్రంగా ఉంది," అన్నాడు తల ఎత్తకుండా. చెవులు మాత్రం కారు రంగులోకి మారాయి.

అతనికో కొత్త బెంగ పట్టుకుంది. పని త్వరగా అయిపోతే ఆమె రావడం మానేస్తుంది. బాగానే ఉన్న తలుపు లైనింగుని విప్పి మళ్ళీ కుట్టాడు.

"నిన్న ఇది అయిపోయింది కదా?" అని ఆమె అడిగింది.

"తృప్తిగా అనిపించలేదండీ."

"నాకూ అనిపించలేదు," అందామె. ఇద్దరూ చెరో వైపు చూస్తూ నవ్వుకున్నారు.

మాటల్లో ఒకసారి అతను అన్నాడు, ఈ మోడల్ సీటు ఇప్పుడు ఎక్కడా దొరకదని, పాత కార్లు పోగేసేవాళ్ళు దీనికోసం ఎంతైనా ఇస్తారని. ఆ మాటే తర్వాత అతని మెడకు చుట్టుకుంది.

ఒక మధ్యాహ్నం ఆమె తల్లి ఒక్కతే షాపుకి వచ్చింది. కుర్చీలో సర్దుకుని కూర్చుని, సంచీలోంచి కొలతల టేపు తీసింది.

"బాబూ, మా ఆయన కూర్చోగలిగే సీటు ఒకటి కుట్టిపెట్టగలవా?"

"కారు అమ్మేస్తున్నారన్నారు కదా అమ్మగారూ?"

"లేవలేకపోతే నలుగురూ చూస్తారని అమ్మేస్తున్నాడు. కారు మీద విరక్తి పుట్టి కాదు. పాత సీటుని మాత్రం కొయ్యొద్దు. వేరేది చెయ్యి. ఆయనకి ముందే తెలిస్తే, నాకోసం బండిని పాడుచేస్తారా అని ఇల్లు కదలడు. పని అయ్యాక ఆదివారం చూసి నేనే తీసుకొస్తాను. అప్పటిదాకా మా అమ్మాయికీ చెప్పకు. దాని కడుపులో మాట దాగదు. నాన్న ముందు నిలబడితే చాలు, ముఖం చూసి ఆయన మొత్తం చదివేస్తాడు."

"డాక్టరుగారికి కూడానా?"

తల్లి అతని వైపు కొంచెం ఎక్కువసేపే చూసింది. "దానికి ముఖ్యంగా," అంది.

అతను సరేనని మాటిచ్చాడు. ఆవిడ కొలతలన్నీ చెప్పింది. ఆయన సోఫా ఎత్తు, కూర్చుంటే మోకాలు ఎంతవరకు వంగుతుంది, కాలు చాపితే ఎంత పొడుగు. అన్నీ సరిగ్గా తీసుకొచ్చింది.

అతను కొత్త ఫ్రేము చేయించాడు. సీటు ఎత్తు పెంచి, టాపు తలకి తగలకుండా ఫోమ్ పలచన చేశాడు. తలుపు వైపు అంచు తగ్గించి గట్టిగా బిగించాడు. కింద పిడి లాగితే సీటు మొత్తం తలుపు వైపు తిరుగుతుంది. పైన మాత్రం అదే రంగు తోలు, అదే వరుస కుట్టు. పాత సీటుకి కూడా కొత్త తోలు తొడిగి, ఆమె కంటపడకుండా తన ఇంటికి చేర్చాడు.

కొత్త సీటు బిగించిన రోజు ఆమె మామూలు కంటే ముందే వచ్చేసింది. తలుపు తీసి చూసి ఆగిపోయింది.

"ఇది మా సీటు కాదు."

"కాదండీ."

"మాది ఏది?"

"మా ఇంట్లో ఉంది. భద్రంగా ఉంది."

"కారు సీటు మీ ఇంట్లో ఎందుకుంది?"

"ఆదివారం చెప్తాను."

"ఇప్పుడెందుకు చెప్పరు?"

అతను దబ్బనాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"దానికోసం ఎంతైనా ఇస్తారని మీరే అన్నారు. అమ్మేశారా?"

"లేదండీ. ఒట్టు."

"మరి ఇది ఎందుకు పెట్టారు?"

అతను సీటు మీద లేని దుమ్ము తుడిచాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతనికి అదే అన్నిటికంటే కష్టంగా తోచింది.

"ఆదివారం నాన్న వస్తారు. ఆయనతోనే చెప్పుకోండి. ఇన్నాళ్ళూ ఇక్కడికి సీట్లు చూడటానికే వచ్చాననుకున్నారా మీరు?"

అని వెళ్ళిపోయింది. ఆ చివరి మాట అర్థమయ్యేసరికి ఆమె వీధి దాటేసింది. రాత్రి షాపు మూశాక అతను ఆమె తల్లికి ఫోన్ చేశాడు.

"ఆదివారం దాకా ఓర్చుకో బాబూ."

"డాక్టరుగారు నన్ను దొంగ అనుకుంటున్నారమ్మా."

"తెలుసు. ఇందాకే వచ్చి చెప్పింది. దొంగ గురించి అంతసేపు ఏడ్చేవాళ్ళని నేనెక్కడా చూడలేదు," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. తండ్రి బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చేతిలో కర్ర, జేబులో తాళాలు. సాయంత్రం కొనేవాళ్ళు వస్తారు. ఆయన గుమ్మం దగ్గరే ఆగి కారుని దూరంనుంచి చూశాడు.

"బాగా చేశావు," అని వెనక్కి తిరిగాడు.

"ఒకసారి కూర్చోండి," అంది భార్య.

"వద్దులే."

"ఇక్కడ బాల్కనీలు లేవు. మేమే ఉన్నాం."

ఆయన చుట్టూ ఒకసారి చూసుకున్నాడు. తర్వాత కారు దగ్గరికి నడిచాడు. దబ్బనం తలుపు తెరిచి పిడి లాగాడు. సీటు మెల్లగా ఆయన వైపు తిరిగింది. కూతురు సాయానికి ముందుకు కదలబోతే తల్లి మణికట్టు పట్టుకుని ఆపింది.

ఆయన కర్రని తలుపుకి ఆనించి కూర్చున్నాడు. సీటుతోపాటు తిరిగాడు. కాళ్ళు లోపలికి వెళ్ళాయి. ఆయన మళ్ళీ బయటికి తిరిగి, గట్టి అంచు మీద చెయ్యి ఆనించి లేచి నిలబడ్డాడు. ఒక్కడే. ఎవరి చెయ్యీ లేకుండా. మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి లేవలేదు.

"ఇది నాకు కుట్టినట్టుందే. నా కొలతలు నీకెవరిచ్చారయ్యా?"

"అమ్మగారండీ."

"పాంటు కుట్టిస్తానని తీసుకున్నానుగా," అంది భార్య.

"ఆ పాంటు ఏది?"

"దాని మీదే కూర్చున్నారు."

ఆయన స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వాడు. నవ్వు ఆగాక కూడా తల ఎత్తడానికి కొంతసేపు పట్టింది.

పొద్దున్నే ఇంటినుంచి తెచ్చి లోపలి గదిలో ఉంచిన పాత సీటుని దబ్బనం ఎత్తుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. "కొత్తది బోల్టుల మీదే ఉందండీ. విప్పి ఇది ఇప్పుడే బిగించేస్తాను. కొనేవాళ్ళకి ఒరిజినల్‌గానే వెళ్తుంది."

"కొనేవాళ్ళెవరు?" అన్నాడు తండ్రి. "వాళ్ళకి ఫోన్ చేసి నేనే క్షమాపణ చెప్పుకుంటాను." భార్య వైపు తిరిగాడు. "ఎక్కు."

కూతురికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంజను గుర్రుమంది. ఆ కారులో ఇద్దరికే చోటు. తల్లి కిటికీలోంచి చెయ్యి ఊపుతుండగా ఎర్ర కారు మలుపు తిరిగింది.

షాపులో ఇద్దరే మిగిలారు.

"నేనంతలేసి మాటలంటుంటే, మీ అమ్మగారే చేయమన్నారని ఒక్కమాట అంటే సరిపోయేది కదా?"

"మాటిచ్చాను."

"నేను మళ్ళీ రాకపోయుంటే?"

"పన్ను పాడు చేసుకుని మీ క్లినిక్‌కి వచ్చేవాణ్ణి."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "సారీ. నేను మిమ్మల్ని అనకూడనివి అన్నాను."

"ఒక మాట మాత్రం మంచిదే అన్నారు. సీట్లు చూడటానికే వచ్చాననుకున్నారా అని. దాన్ని పట్టుకునే ఇన్నాళ్ళూ బతికాను." అతను గొంతు సవరించుకున్నాడు. "ఆ తలుపు లైనింగు నేను మూడుసార్లు విప్పి కుట్టానండీ. ఒక్కసారి కూడా దాంట్లో లోపం లేదు."

"నాకు తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదటిసారి నుంచే. మీ కుట్టు నేను చూడలేదనుకున్నారా?"

అతనికి ఊపిరి ఆడింది. ఆమె వచ్చి పక్కనున్న స్టూలు మీద కూర్చుని, చెప్పకుండానే అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. సూది మొన గుచ్చి గట్టిపడ్డ వేళ్ళు. వాటిని ఒక్కొక్కటే చూస్తుండగా ఆమె ఫోను మోగింది. తండ్రి. వెనకాల గాలి హోరు.

"మేం ఇప్పట్లో రాం. మీ అమ్మ ఇంకా ముందుకు పోనివ్వమంటోంది. నువ్వు నడిచి ఇంటికి వెళ్ళిపో. ఆ అబ్బాయిని తోడు రమ్మను. భోజనం మనింట్లోనే చేయమను."

ఫోన్ పెట్టేసి ఆమె అతని వైపు తిరిగింది.

"నాన్న మిమ్మల్ని భోజనానికి పిలిచారు."

"వాళ్ళిద్దరూ కారులో ఉన్నారు కదా. వంట ఎవరు చేస్తారు?"

"మనమే," అంది ఆమె.

అతను షట్టరు దించడానికి లేచాడు.