నడిసముద్రంలో సిగ్నల్

ఘుగ్గుస్ రోడ్డు పక్కన బైక్ ఆపి మారుతి ఫోన్ చేశాడు. "సైడింగ్ల... ఐదో వ్యాగన్..." అన్నంతవరకే తిరుపతికి వినిపించింది. ఆ వెంటనే తుపాకీ మోత, మీదుగా లారీ దూసుకుపోయిన చప్పుడు.

తిరుపతి చేరేసరికి మారుతి గొంతులో నెత్తురు బుడగలు కడుతోంది. ఏదో చెప్పబోయాడు, చెప్పకుండానే పోయాడు. అతని ఫోన్ అద్దం పగిలింది గాని ప్రాణం పోలేదు. తిరుపతి దాన్ని జేబులో వేసుకుని స్నేహితుడి కళ్లు మూశాడు. ఏడవడానికి వ్యవధి ఉంటే అక్కడే కూలబడి ఏడ్చేవాడు. మారుతి ఏ దారిన వస్తున్నాడో తెలిసినవాళ్లు ముగ్గురే: తను, తమ టీములోని ప్రతిభ, ఢిల్లీలో ఇంటెలిజెన్స్ చీఫ్. ఆ సంగతి అప్పుడే ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

జీపు భద్రావతి వైపు పరుగెడుతుండగా సెక్యూర్ లైన్ మీద చీఫ్ రామమోహనరావు బ్రీఫింగ్ ఇచ్చాడు. ఊరి శివారులోని పాత రైల్వే సైడింగ్‌లో పేలుడు పదార్థాల గూడ్స్ ఆగి ఉంది. విదేశీ ముఠా దాని ఐదో వ్యాగన్‌లో టైమర్ పెట్టింది. పక్కనే స్టాఫ్ క్వార్టర్లు. ఖాళీ చేయించే సమయం లేదు. ఆ క్వార్టర్లలోనే మారుతి భార్య భాగ్యలక్ష్మి ఉంటుంది.

టైమర్ డిజైన్ దొంగిలించిందే. అసలు డిజైన్ గీసిన ఇంజనీరు తిరుపతికి స్వయానా బావ, మనోహర్. దాన్ని ఆపడం తెలిసిన మనిషి దేశం మొత్తం మీద అతనొక్కడే. అతనేమో తిరుపతి అక్క భూదేవినీ కూతురు అక్షరనూ వెంటబెట్టుకుని ముంబైలో లక్షద్వీప్ క్రూజ్ ఎక్కాడు. ఓడ తీరంలోని టవర్లను ఎప్పుడో దాటేసింది.

"కంగారుపడకు," అన్నాడు చీఫ్. "ఓడలో ప్రీమియం వై-ఫై ప్యాకేజీ మన ఖాతాలో తీసుకున్నాం. లింక్ ప్రతిభ కలుపుతుంది. మీ బావ పొద్దున కేబిన్ నంబర్ చెప్పాడు గానీ ఆఠ్ దోన్ చార్ అంటే నాకేం అర్థమవుతుందయ్యా? గుంటూరు వాణ్ణి."

ఆ స్థితిలోనూ తిరుపతికి నవ్వొచ్చింది. సరిహద్దు ఊరు రాజురాలో మరాఠీ బడిలో చదివిన తెలుగువాళ్లందరిదీ అదే వరస. తిట్టుకున్నా మొక్కుకున్నా తెలుగే గాని, అంకె వచ్చేసరికి నోట్లోంచి మరాఠీ ఊడిపడుతుంది. తిరుపతిదీ అదే బడి.

సైడింగ్‌లోకి లారీ క్లీనర్ వేషంలో దిగాడు. ముఖం నిండా బొగ్గు మసి, భుజాన జిడ్డు తువ్వాలు. రైల్వే గ్యాంగ్‌మెన్ దుస్తుల్లో ఇద్దరు కాపలా ఉన్నారు. మొదటివాడు బీడీకి అగ్గిపుల్ల గీస్తుండగా తిరుపతి చేతిలోని స్పానర్ వాడి కణత మీద పడింది, వాడు మళ్లీ లేవలేదు. రెండోవాడు కత్తి దూశాడు. తువ్వాలు వాడి మెడకు బిగించి, వ్యాగన్ చక్రానికి తల రెండుసార్లు మోదాడు. రెండోసారికి వాడిలో కదలిక ఆగిపోయింది. మారుతి గుర్తొచ్చి మూడోసారి కూడా మోదాడు.

"పులి కనిపించిందా?" వెనక నుంచి ఆడగొంతు.

"తడోబా అడవిలో కాదు, టీవీలో," అన్నాడు కోడ్ ప్రకారం.

ప్రతిభ నవ్వింది. లెదర్ జాకెట్, లిప్‌స్టిక్, నెత్తిన ఎర్ర హెల్మెట్. ఆ ఎండలో కూడా చెమట పట్టని ముఖం. అతని చొక్కా గుండీకి కెమెరా తగిలించి, చెవిలో హెడ్‌సెట్ పెట్టి, తన టాబ్లెట్ మీద ఏవో నొక్కింది. "షిప్ ఆన్‌లైన్. మాట్లాడు."

వ్యాగన్‌లో పెట్టె మూత విప్పితే వరసగా ఐదు తీగలు, అన్నీ నల్లవే. టైమర్ మీద అంకెలు కరిగిపోతున్నాయి.

"తిరుపతీ, పరేషాన్ గాకు." అచ్చంగా బావ గొంతే. "నాకు మంచిగ కనవడుతున్నది. ఎడమ దిక్కు నుంచి లెక్కవెట్టు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగోది కొయ్యి."

కటర్ నాలుగో తీగ మీద ఆనింది. అక్కడే ఆగింది.

పెళ్లిలో ఏడడుగులు కూడా మరాఠీలోనే లెక్కపెట్టి పురోహితుణ్ణి గాభరా పెట్టిన మనిషి బావ. భయంలో, తొందరలో, నడిసముద్రంలో ఉన్నవాడికి ఇప్పుడే తెలుగు అంకెలు ఎక్కడినుంచి వచ్చాయి? గొంతు బావదే, లెక్క మాత్రం బావది కాదు. ఎవడో కంప్యూటర్ ముందు కూర్చుని బావ గొంతుతో మాట్లాడిస్తున్నాడు. ఆ కాల్ కలిపింది ప్రతిభ. మారుతి దారి తెలిసిన ముగ్గురిలో ఒక మనిషీ ప్రతిభే. హెల్మెట్ ఇంకా తీయలేదు, అంటే పారిపోవడానికి బైక్ దగ్గర్లోనే ఉంది.

అతను తల తిప్పేలోపే పిస్టల్ పేలింది. గుండు ఎడమ భుజాన్ని చీల్చుకుపోయింది. తిరుపతి పక్కకు దొర్లి ఆమె కాళ్లు లాగేశాడు. ప్రతిభ పడుతూనే హెల్మెట్‌తో అతని ముక్కు పగలగొట్టింది, గాయంలోకి గోళ్లు దించింది. నొప్పికి కళ్లు బైర్లు కమ్మాయి. చేతికి అందిన కటర్ ఆమె గొంతులో దిగేదాకా పట్టు వదల్లేదు.

"మారుతిని ఎందుకు చంపించినవ్?" అని అడిగాడు. జవాబు చెప్పే గొంతు ఆమెకు మిగల్లేదు.

టాబ్లెట్ లాక్ అయిపోయింది. వై-ఫై దారి మూసుకుపోయింది. అప్పుడు అక్క గుర్తొచ్చింది. ముంబై రేవులో ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టమని అందరూ ఎంత చెప్పినా భూదేవి వినలేదు. "ఓడ ఎక్కినోళ్లకు ఇమానం మీటతోని ఏం పని?" అని కసిరింది. చేసేదిలేక అక్షర దానికి రోమింగ్ పెట్టించింది. ఓడకు సొంత నెట్‌వర్క్ ఉంటుందని ఆ పిల్లకు తెలుసు.

సెక్యూర్ లైన్ మీద నెత్తుటి వేలితో అక్క నంబర్ నొక్కాడు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత రింగయింది.

"తమ్మీ, అన్నం తిన్నవా?"

"అక్కా, బావకియ్యి."

"గొంతేంది గట్లున్నది?"

"బావకియ్యక్కా!"

మనోహర్ అందుకున్నాడు. ఎప్పటిసంది వై-ఫై ముందర కూసున్న, ఎవ్వలూ కలుపలేదని మొదలుపెట్టాడు. తిరుపతి అడ్డుపడి, ఐదు తీగలూ నల్లవేనని, టైమర్ అయిపోతోందని చెప్పాడు.

"చార్ కోసినవా?"

"లే."

"బతికినవ్. అది కోస్తే ఇగ ఆగది. ఎడమకెల్లి చూడు. ఏక్... దోన్..."

లైను తెగినట్టు బొంగురుపోయింది. సముద్రం హోరో, గాలో, చెవిలో గురగుర తప్ప మాట లేదు. టైమర్ మీద చివరి అంకెలు.

"...తీన్. తీన్ కొయ్యి."

తిరుపతి కోశాడు. టైమర్ సున్నా ముందు ఒక్క అంకె దగ్గర నిలిచిపోయింది. అతను వ్యాగన్ గోడకు జారగిలబడి చిన్నపిల్లాడిలా వెక్కాడు. అవతల అక్క, లీవులో ఉన్న మనిషితో పని చేయిస్తారా అని ఎవర్నో తిడుతోంది.

చీఫ్ లైన్‌లోకి వచ్చి శత్రువులు ఎంతమంది పోయారని అడిగాడు. "తీన్ సార్," అన్నాడు తిరుపతి. ఈసారి గుంటూరు ఆయన అర్థం అడగలేదు.

అంబులెన్స్ కోసం వ్యాగన్ దిగాడు. ఎదురుగా క్వార్టర్ల డాబా మీద ఉతికిన బట్టలు ఆరేస్తూ భాగ్యలక్ష్మి కనబడింది. ఆమె చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

తిరుపతి జేబులో మారుతి ఫోన్ మోగింది. తీసి చూశాడు. ఎప్పుడూ సిగ్నల్ అందదని మారుతి తిట్టుకునే ఆ సైడింగ్‌లో, పగిలిన అద్దం వెనక, గీతలన్నీ నిండుగా ఉన్నాయి.