సొంతింటి కిస్తు

పొద్దున ఏడింటికే భాగ్యవ్వ బీడీలు చుట్టేందుకు నానిన తునికాకును చాటలో వేసుకుని గడప దగ్గర కూర్చుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. కాలనీ పక్క రోడ్డు మీద వేల్పూర్ వైపు నుంచి పసుపు బస్తాల ట్రాక్టర్లు ఒకదాని వెనుక ఒకటి ఆర్మూరు మార్కెట్టుకు పోతున్నాయి. ఆకు కత్తిరిస్తూనే ఆమె లోలోపల లెక్క చెప్పుకుంటోంది. ఇంటి కిస్తు నెలకు అరవై రూపాయలు. ఆగిపోయిన కిస్తులు రెండు. కరెంటు రెండు బిల్లులు కలిపి డెబ్బై ఆరు. బియ్యం, కిరోసిన్, ఉప్పు, పప్పు. శనివారం చేతికొచ్చే కూలి తొంభై దాటదు. ఎటు నుంచి మొదలుపెట్టినా లెక్క ఆ తొంభైలో ఇమడడం లేదు.

ముప్పై తొమ్మిదేళ్ల వయసులో ఆమెకు సొంతిల్లు వచ్చింది. బీడీ కార్మికుల కోసం ఊరి చివర కట్టిన వరుస ఇళ్లలో ఒక గది, ముందు చిన్న వసారా. ఇరవై నాలుగేళ్లకే భర్త పోయాడు. పిల్లలు లేరు. అప్పటి నుంచి పదిహేనేళ్లు అన్న గంగాకిషన్ ఇంట్లోనే ఉంది. గంగాకిషన్ పసుపు మార్కెట్టులో హమాలీ. భాగ్యవ్వ బీడీ కార్ఖానాలో తీసుకున్న కూలిని తీసుకున్నట్టే తెచ్చి వదినె లసుమవ్వ చేతిలో పెట్టేది. ఇంట్లో ఏ బిల్లు ఎంత వస్తుందో, ఎవరు కడుతున్నారో ఎన్నడూ అడగలేదు. అన్న నీడన ఉన్నాను, అన్న పెట్టింది తింటున్నాను అనుకునేది. ఇంటి కాగితం చేతికొచ్చిన రోజు మాత్రం ఆమెకు నిద్ర పట్టలేదు. గంగాకిషన్ వద్దన్నాడు, కేకలేశాడు. అయినా దసరా నాడు కొత్తింట్లో పాలు పొంగించుకుంది. అన్న రాలేదు. ఐదు నెలలుగా ఈ గడప తొక్కలేదు.

మొదటి నెల బాగానే గడిచింది. పక్కింటి ఆశమ్మ చెప్పినట్టు నాలుగు గుడ్డ సంచులు కుట్టుకుంది. కిస్తుకొకటి, కరెంటుకొకటి, తిండికొకటి, రోగానికీ రొష్టుకీ ఒకటి. కూలి రాగానే నాలుగు సంచుల్లో వేసి మూతులు బిగించి కట్టేది. రెండో నెల నుంచి కార్ఖానాలో పని నెలకు పన్నెండు రోజులకు తగ్గింది. ఇచ్చిన ఆకు కూడా నాసిరకం. వెయ్యి బీడీలకని తూచిన ఆకు ఎనిమిది వందలకే అయిపోయేది. మిగతాది సొంత డబ్బుతో కొని లెక్క నింపాలి. ఆపైన చలిజ్వరం వచ్చి తొమ్మిది రోజులు మంచం పట్టింది. సూదులకూ గోలీలకూ రోగం సంచి ఖాళీ అయితే కరెంటు సంచి విప్పింది. కరెంటు కోసం కిస్తు సంచి విప్పింది. కిస్తు కోసం రెండు పూటల వంట ఒక పూటకు తెచ్చింది. ఒక్క ప్రాణానికి ఖర్చేముంటుంది అనుకునేది ఇదివరకు. ఒక్కరున్నా కిస్తు అదే, ఇంటి పన్ను అదే అని, పంచుకునే చేయి మాత్రం ఉండదని ఇప్పుడు తెలిసొచ్చింది.

ఏడున్నరకు లైన్‌మన్ నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు.

"భాగ్యవ్వంటే నువ్వేనా? రెండు బిల్లులు బాకీ ఉన్నయ్. లైను తీసెయ్యమన్నరు."

"అయ్యా, శనివారం కూలి వస్తది. గప్పటిదాంక జర ఆగరాదు."

"నా చేతుల ఏమున్నదవ్వా? రాసిచ్చిండ్రు, తీస్తున్న. పైసలు గట్టి రసీదు తీస్కరా, వచ్చి కలిపిపోత."

అతను చెడ్డవాడేమీ కాదు. తీగ విప్పుతూ ఆమె వైపు చూడలేకపోయాడు. భాగ్యవ్వ కత్తెర చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. అన్నం మాడిన వాసన వచ్చినా లేవలేదు. ఎదురింటి వాళ్లు తొంగిచూసి లోపలికి పోయారు. కోప్పడాలన్నా ఎవరి మీద కోప్పడాలో ఆమెకు తెలియలేదు.

ఆశమ్మ మొగుడు కూడా మార్కెట్టులో హమాలీయే. మధ్యాహ్నానికల్లా మాట గంగాకిషన్ చెవిన పడింది. సాయంత్రం నాలుగింటికి అతను వచ్చాడు. వెనకాలే లసుమవ్వ. అతని చొక్కా నిండా పసుపు దుమ్ము. గడప బయటే నిలబడ్డాడు.

"అయ్యిందా సొంతింటి సంబురం? గంగాకిషన్ చెల్లె ఇంటికి కరెంట్ కోసిండ్రని మార్కెట్ల అందరు అనవట్టిరి. నా ఇజ్జత్ తీసినవ్."

"లోపల్కి రా అన్నా. కూసో."

"కూసునేటందుకు రాలె. సామాన్ సదురుకో. గీ ఇల్లు కిరాయికిద్దాం. కిరాయి పైసలతోని కిస్తు ఎల్లుతది. నువ్వు ఇంటికి నడువు."

అతను చెప్పిన దాంట్లో తప్పేం లేదు. జ్వరంలో పడుకున్న రోజుల్లో భాగ్యవ్వకూ ఆ ఆలోచన వచ్చింది. అయినా ఆమె నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"నేను రానన్నా."

"ఎందుకు రావ్? ఏం తక్వ జేసిన నీకు?"

"ఏం తక్వ జెయ్యలే. గని గీ అర్ర నాది. నా పేరు మీదున్నది."

"పేరుంటే కడుపు నిండుతదా? సూడు ఎట్లయినవో. పదిహేనేండ్లు నా ఇంట్ల తిన్నవ్. ఒక్కనాడన్న లెక్క అడిగిన్నా?"

భాగ్యవ్వ తల వాలిపోయింది. ఆ మాట పదిహేనేళ్లుగా తనకు తానే చెప్పుకుంటోంది. అన్న నోటి వెంట వినేసరికి మాత్రం గుండెలో కలుక్కుమంది.

"తిన్ననన్నా. గా రుణం ఎట్ల తీర్చుకోవాల్నో నాకు తెల్వది" అంది. కళ్లు నిండిపోయాయి.

వసారాలో గోడకు ఆనుకుని నిలబడిన లసుమవ్వ ఒక్కసారిగా ముందుకొచ్చింది.

"నువ్వు జర నోరు మూస్తవా?" అంది మొగుడితో. "భాగ్య నీ ఇంట్ల తిన్నదా? ఆమె పైసలు మనం తిన్నం."

"లసుమీ, ఊకో."

"ఊకోను. ఐదు నెలల సంది ఊకున్న." ఆమె ఆడబిడ్డ వైపు తిరిగింది. "భాగ్యా, నీ బీడీ పైసలతోనే మనింట్ల కరెంట్ బిల్లు గట్టిన. పోరగాండ్ల ఫీజులు, దుకాణంల ఉద్దెర, అన్నిటికి గవ్వే. మీ అన్న కూలి సీజన్ మూడు నెలలే గద. మిగిలిన తొమ్మిది నెలలు నీ కూలితోనే మనింట్ల పొయ్యి అంటువెట్టిన. నువ్వు పోయినంక మా కరెంట్ గూడ కోసిండ్రు. ఇరవై రోజులైతుంది. ఎవలకు చెప్పుకోవాలె?"

భాగ్యవ్వకు ఆ మాటలు వెంటనే తలకెక్కలేదు. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. పండగ పూట కొత్త చీర కొనిస్తే వద్దన్న రోజులు, ఆకలి తీరకపోయినా ఇంకొంచెం పెట్టమని అడగడానికి మొహమాటపడిన పూటలు ఎన్నో కళ్ల ముందు కదిలాయి.

"పదిహేనేండ్లు నేను మీకు బరువైతున్న అనుకున్న వదినె. ఒక్క మాట చెప్పకపోతివి."

లసుమవ్వ కొంగుతో ముఖం కప్పుకుంది. "చెప్తే నీ పైసలు నీ దగ్గర్నే వెట్టుకుంటవేమోనని భయమాయె. ఇద్దరు పిల్లగాండ్లు, గింత సంసారం. నేనేం జెయ్యాలె చెప్పు?"

"గందుకేనా అన్నా, నన్ను రమ్మన్నది?"

గంగాకిషన్ మెట్టు మీద కూలబడి భుజం మీది తువ్వాలను చేతులకు చుట్టుకున్నాడు.

"గందుకే" అన్నాడు చివరికి. "అబద్ధమెందుకు. నీ మీద ప్రేమా పావురం లేక కాదు. గని గందుకే వచ్చిన. నా నడుము పోయింది చెల్లె. బస్తా లేవ్తలేదు. ఒకప్పుడు పూటకు నలభై బస్తాలు మోసిన. ఇప్పుడు పదికే కూలవడుతున్న. మేస్త్రీ చూసి చూడనట్టు ఉంటుండు. ఎన్ని రోజులుంటడు?"

లసుమవ్వ ముఖం మీది కొంగు తీసి అతని వైపు చూసింది. "గీ సంగతి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం జేస్తవ్? ఇద్దరం ఏడుస్తుంటిమి."

రోడ్డు మీద ఖాళీ ట్రాక్టర్లు తిరిగి వెళ్తున్నాయి. భాగ్యవ్వకు కోపం వచ్చింది, జాలి కూడా వచ్చింది. పాత అలవాటున సంచి విప్పి ఉన్నదంతా ఇచ్చెయ్యాలని ఆమె చేయి లేవబోయింది. సంచుల్లో అన్నీ కలిపి పద్దెనిమిది రూపాయలు కూడా లేవు.

"అన్నా, నేను వస్తే నా కూలి మళ్ల మీ ఇంట్లనే ఒడుస్తది. మూడో కిస్తు తప్పితే గీ ఇల్లు పోతది. గందుకని రాను. పైసలు గూడ ఇయ్యలేను. లేవు." కాదని చెప్పడం ఆమెకు అలవాటు లేని పని. "సోమారం నిన్ను పెద్ద దవాఖానకు తోలుకపోత. నడుము చూపెడుదాం. గీ వసారకు తడకలు గట్టి ఎవలకన్న కిరాయికిస్త. నలభై వచ్చినా సాయమే."

"తడకలు నేను గడ్త" అన్నాడు గంగాకిషన్ వెంటనే.

"ఏం నడుముతోని గడ్తవ్?" అంది లసుమవ్వ. ఏడుపులోంచే ఆమెకు నవ్వు వచ్చింది. భాగ్యవ్వ కూడా నవ్వబోయి ఏడ్చేసింది.

గంగాకిషన్ ముఖం తువ్వాలలో దాచుకున్నాడు. "నువ్వు నా ఇంట్ల తినలే చెల్లె. నేనే నీ చేతిది తిన్న. నీ ముంగట గొంతు లేపిన. నాకు సిగ్గులేదు" అంటూ చిన్నపిల్లవాడిలా వెక్కిళ్లు పెట్టాడు. భాగ్యవ్వ పక్కన కూర్చుని అతని వీపు నిమిరింది. చొక్కా మీది పసుపు ఆమె అరచేతికి అంటుకుంది.

పొద్దు వాలుతుండగా ఆమె లేచి పొయ్యి రాజేసింది. డబ్బాలో మిగిలిన బియ్యమంతా కడిగి ఎసట్లో పోసింది. పచ్చిపులుసు కలిపింది. ముగ్గురూ వసారాలో కూర్చున్నారు. ఆమె ఇంట్లో, ఆమె వడ్డిస్తుంటే అన్న తినడం అదే మొదటిసారి. పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేడు. తలెత్తకుండా తిని, "ఇంకింత ఉన్నదా?" అని మెల్లగా అడిగాడు. భాగ్యవ్వ గిన్నె గీకి ఉన్నదంతా అతని పళ్లెంలో వేసి, కడుపు నిండినదానిలా చేయి కడుక్కోబోయింది.

లసుమవ్వ ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"నాకు తెల్వదా నీ సంగతి?" అంటూ తన పళ్లెంలోని అన్నం సగం తీసి ఆమె ముందు పెట్టింది. "తిను. రేపటి ముచ్చట రేపు."

రేపు ఏం చేయాలో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. మసక వెలుతురులో భాగ్యవ్వ ఆ అన్నాన్ని నెమ్మదిగా, మెతుకు మిగలకుండా తిన్నది.