కాంతమణి మార్చిన ముగింపులు

1948 నవంబరు పదిహేను, సోమవారం. పొద్దున జొన్నరొట్టె, చింతకాయ తొక్కు తిన్నాను. తింటూనే నవల ఆఖరి పేజీ పూర్తి చేశాను. చదువూ ఇల్లూ ఉద్యోగమూ, దేనిమీదా మనసు నిలవని కుర్రాడొకడు తండ్రిని ఎదిరించి వెళ్ళిపోయే కథ. ఇరవై ఏళ్ళ నాకు అది నా కథే. అలాంటిదే ఇంకొకటి దొరక్కపోతే బతకలేననిపించింది.

పోలీసు చర్యకు ముందు మూతపడ్డ రాంగోపాల్‌పేట్ లైబ్రరీని అప్పుడే మళ్ళీ తెరిచారు. సాయంత్రం వెళితే, లైబ్రేరియన్ సోమయ్య నవల వెనక అట్టకు అంటించిన చీటీ చూపించాడు. నాకంటే ముందు మూడుసార్లు తీసుకున్నది ఒకే మనిషి, పేరు బ్రహ్మచారి.

"గిసుమంటియన్నీ ఆయనే తీస్కపోతడు. ఎనక సందుల కంసాలి, అరవై ఏండ్లుంటయి. పోయి అడుగు."

అరవై ఏళ్ళ కంసాలికి ఇంత తిరుగుబాటా! పరుగున వెళ్ళాను. చారిగారు కుంపటి ఆర్పి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

"చారిగారూ, గీ నవలల పిలగాడు తండ్రి మీద తిరగబడి పోతడు గద! గిసుమంటిది ఇంకోటి చెప్పుండ్రి."

"తిరగబడుడేంది? తండ్రి కాళ్ళు మొక్కిండు గద! నేను ఉర్దూ బళ్ళె సదివినోణ్ణి, తెలుగు అచ్చరాలు రావు. నా బిడ్డ సదివి వినిపిచ్చింది. నేను ఏడిస్తి సుత."

లోపలి తలుపు చాటున ఒక అమ్మాయి నాకు రెండు చేతులూ జోడించింది. మరుక్షణం పిడికిలి చూపించింది. దండమూ బెదిరింపూ, రెండూ అందంగానే ఉన్నాయి.

ముగింపు మార్చి చదివింది ఈమే అని అర్థమైంది. నేను నిజం చెబితే రేపటినుంచి ఆమెకు నవలలు బంద్.

"ఏదీ, ఆఖరుది సదువు," అన్నారు చారిగారు అనుమానంగా.

పేజీలో కుర్రాడు, 'ఈ గడప మళ్ళీ తొక్కను' అంటున్నాడు. నేను గొంతు సవరించుకుని, "'నాన్నా, ఈ గడప దాటను' అని వెక్కి వెక్కి ఏడ్చెను," అని చదివాను. అక్కడ ఆగితే బాగుండేది. ఆవేశంలో వాడిచేత తండ్రి కాళ్ళు కూడా పిసికించాను. తలుపు చాటున, నవ్వు ఆపుకోలేక వచ్చిన దగ్గు. ఆ దగ్గును తర్వాత నలభై ఏళ్ళు విన్నాను. ఇప్పటికీ ఒంటరిగా పేజీ తిప్పుతుంటే ఒక్కోసారి వినిపిస్తుంది.

చారిగారు కళ్ళు తుడుచుకున్నారు.

"కాళ్ళు పిసికిన సంగతి నా బిడ్డ సదవనే లేదు. తొందరల ఇడిచిపెట్టినట్టుంది. రోజూ రా పిలగా, ఇగ నువ్వే సదువు. కాంతమణీ, చాయ్ తే!"

రోజూ వెళ్ళాను. ఆమె నవలలు ఎంచేది, నేను అబద్ధాలు చదివేవాణ్ణి. ఆ చలికాలంలో ఇల్లు వదిలిన కుర్రాళ్ళందరినీ వెనక్కి తీసుకొచ్చి తండ్రుల పక్కన కూర్చోబెట్టాం.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, నన్ను పంపి తలుపు వేయడానికి కాంతమణి గడప దాకా వచ్చింది.

"రేపటి దాంట్ల పిలగాడు పెళ్ళొద్దని పారిపోతడు."

"మరి బాపుకు ఏమని చదవాలె?"

"చేస్కుంటడని చదువుండ్రి."

"ఎవర్ని?"

"కంసాలి బిడ్డను," అంది. నా జవాబు కోసం ఆగకుండా, చప్పుడు కానీయకుండా తలుపు వేసేసింది.