ఎల్లుండి దాకా ఎక్కిన గీత

ఏటి లెక్కలు చూసే ఆ ఆఫీసులో ఆమెను అందరూ గీతలమ్మాయి అనేవారు. పొద్దున్నే ఒడ్డు నుంచి వచ్చిన ఫైల్‌ను సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేసి, ఏ గంటకు ఎంత నీరు పారిందో చూపే గీతను తయారు చేయడం ఆమె పని. దాన్నే హైడ్రోగ్రాఫ్ అంటారు. నీరు పెరిగితే గీత ఎక్కుతుంది, తగ్గితే దిగుతుంది. అంతే.

ఆ సోమవారం గీత ఆగాల్సిన చోట ఆగలేదు.

ఉదయం ఆరింటి రీడింగ్ దాటింది. ఇంకా రాని మధ్యాహ్నం మీదుగా, ఇంకా తెల్లవారని మంగళవారం మీదుగా పాకుతూ పోయింది. బుధవారం నిట్టనిలువుగా లేచింది. సాయంత్రం నాలుగింటికి, అంత ఎత్తు నుంచి ఉన్నట్టుండి సున్నాకు పడిపోయింది.

భయం ఆమెకు తల్లి పోలిక. ఇంటికి రావలసినవాళ్ళు పది నిమిషాలు ఆలస్యమైతే ఆ తల్లి మనసులోనే ఆస్పత్రులన్నీ తిరిగి వస్తుంది. కూతురూ అంతే. ఫైల్ పాడైందని ఎవరైనా అనుకుంటారు. ఈమె మాత్రం ఎవరికో ఏదో కాబోతోందనుకుంది.

ఫైల్ పంపేది గేజ్ అబ్బాయి. ఒడ్డున రేకుల గదిలో ఉండి, నీళ్ళలో పాతిన కొలతపలక మీద గంటగంటకూ మట్టం చూసి రాస్తాడు. ఏడాదిగా అతని గొంతు తెలుసు, మొహం తెలియదు. ఫోన్ చేసి, రాని రోజుల రీడింగులు ఎవరు రాశారని నిలదీసింది. తాను ఆరింటి దాకానే రాశానన్నాడు. ఏరే లెక్క రాసుకుంటే తన ఉద్యోగం ఊడినట్టేనని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. మిగతా గేజ్‌లవాళ్ళందరూ సెంటీమీటర్లతో సరిపెడతారు. అరసెంటీమీటరు కూడా వదలకుండా రాసేది అతనొక్కడే. ఆ రాని రోజుల వరుసల్లోనూ అరసెంటీమీటర్లున్నాయి. ఆ సంగతి చెప్పగానే అవతల నవ్వు ఆగిపోయింది.

ఒప్పుకున్నాడు. హైడ్రోగ్రాఫ్ తయారు చేయడం నేర్చుకుందామని ఆదివారం కంప్యూటర్ ముందు కూర్చుని, లేని వరదనొకదాన్ని ఊహించి అంకెలు వేశాడట. దాన్ని అసలు ఫైల్‌లోనే దాచి, పొద్దున పైవరుసల్లో రీడింగులు నింపి, కింద చూసుకోకుండా పంపేశాడు. జరిగిందేదో, జరగనిదేదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. తేదీ, అంకె ఉంటే గీసేస్తుంది.

“ఈ విద్య మీకెందుకు?” అంది.

“మట్టం కాకుండా మేడమ్‌తో మాట్లాడటానికి ఇంకో మాట ఉండాలిగా.”

చెవులు వేడెక్కాయి. అయినా భయం వదల్లేదు. “మరి నాలుగింటికి సున్నా ఎందుకు పెట్టారు?”

“పెట్టలేదు మేడమ్. అక్కడితో రాయడం ఆపేశాను. ఆ ఖాళీని సాఫ్ట్‌వేర్ సున్నా చేసినట్టుంది. అంత నీరొస్తే ఈ గది ఉండదు. రాసేవాడూ ఉండడు.”

ఎంత తేలిగ్గా అన్నాడో. ఆ వరుసలను అసలు ఫైల్ నుంచి తీసేసింది కానీ, పారేయడానికి చేతులు రాలేదు. ఎర్రగీతగా పక్కన దాచింది.

సోమవారమంతా అసలు రీడింగుల నీలిగీత ఎర్రగీతకు దూరంగానే నడిచింది. మంగళవారం మబ్బు పట్టింది. రెండింటికి నిజం రీడింగ్ వచ్చింది: నూట నలభై రెండున్నర. ఎర్రగీతలో ఆ గంటకున్నదీ నూట నలభై రెండున్నరే. మూడింటికీ అంతే, నాలుగింటికీ అంతే. నీలిగీత ఎర్రగీత మీదే అడుగులు వేస్తూ పోయింది. చీకటి పడేవేళకు, రెండింటి నుంచి గడిచిన గంటల్లో ఎక్కడా ఎరుపు కనిపించలేదు.

ఆఫీసు పెద్దసారుకు చూపించింది. ఏడాదిగా ఏటిని చూస్తున్నవాడు ఆమాత్రం ఊహించగలడని ఆయన కొట్టిపారేశాడు. బుధవారం ఉదయం మళ్ళీ చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అతన్ని వచ్చేయమని చెప్పమన్నాడు.

అతను రానన్నాడు. పై ఊళ్ళో ఎంత వాన పడిందో తనకు తెలియదు, ఆ అంకెలు కళ్ళు మూసుకుంటే వాటంతటవే వచ్చాయి, అంతకంటే తనకేమీ తెలియదన్నాడు. తను లేస్తే రీడింగ్ ఆగిపోతుంది, కింది ఊళ్ళకు కబురు ఎవరిస్తారని అడిగాడు. అతని మాట వెనక నీళ్ళు పెద్దగా వినిపిస్తున్నాయి.

“ఎగువ స్టేషన్ నీటితో, వాన లెక్కతో మీరు రాయని గంటలు నేను లెక్కగడతాను,” అంది. “ఫైల్‌లో ఖాళీ వస్తే పూరించగలను. మీరు ఖాళీ అయితే పూరించలేను.”

ఫోన్ తెగిపోయింది. మళ్ళీ చేస్తే మోగలేదు.

ఒంటిగంట రీడింగే చివరిది. రాబోయే గంటలకు హైడ్రోగ్రాఫ్ లెక్కగట్టింది. పెద్దసారు సంతకం పెట్టి కింది ఊళ్ళకు కబురు పంపాడు. రెండయింది. మూడయింది. ఆమె మనసు జరగరానివన్నీ ఒకటికి రెండుసార్లు జరిపించింది.

సరిగ్గా నాలుగింటికి గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. ఒళ్ళంతా నీళ్ళు. ఎన్నడూ చూడని మొహం, పాలిపోయి ఉంది. ఆమె ముందు అతని పాదాల వైపు చూసింది. తిన్నగానే ఉన్నాయి.

“బురదలో బండి ఆగిపోయింది, మేడమ్. నడిచొచ్చాను,” అన్నాడు, ఏడాదిగా ఆమెకు తెలిసిన గొంతుతో.

అప్పుడే వంతెన కాపలాదారు ఫోన్ చేశాడు. రేకుల గది ఇప్పుడే కళ్ళముందే కొట్టుకుపోయిందన్నాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది. నాడి కొట్టుకుంటోంది. నమ్మకం కుదిరాక కూడా వదల్లేదు.

తల్లి ఫోన్ చేసింది. సంగతంతా విని, ముందు ఏడ్చి, తర్వాత ఆ అబ్బాయి ఏమైనా తిన్నాడా అని అడిగి, తడిసినవాణ్ణి అలాగే ఉంచకుండా ఇంటికి తీసుకురమ్మంది. ఇంకెప్పుడూ ఒడ్డున ఒంటరిగా ఉండనని తన ముందు ఒట్టేయించుకుంటానంది.

అతను తెర వైపు చూశాడు. “ఆ నాలుగింటి తర్వాత ఏం రాయాలో ఆదివారం నాకు తోచనే లేదు.”

“దిగడం రాయాలి.” ఆమె పక్కకు కుర్చీ లాగింది. “వరద ఎక్కడానికి ఒక్క పూట చాలు. దిగడానికే చాలాకాలం పడుతుంది. కూర్చో, నేర్పిస్తాను.”

“ఎంతకాలం, మేడమ్?”

“మేడమ్ అనడం మానేస్తే చెప్తాను.”