గోడ దాటిన అక్షరాలు

“మీ నవ్వుముఖాలు గోడ దూకి మా క్లాసులోకి వస్తున్నాయి మేడమ్!”

గుమ్మంలో పక్క గది లెక్కల మాస్టారు. అరచేతిలో అగ్గిపెట్టెంత ఎలక్ట్రానిక్ బోర్డు ఎర్రలైట్ల చుక్కలతో నవ్వుతోంది. అతను మాత్రం నవ్వడం లేదు.

“ఈ బోర్డులతో గది వేడి కొలిచి సగటు కట్టమంటే, మా పిల్లలు మీ నవ్వుముఖాలు చూసి ఒకటే ఇకఇకలు.”

“ఒకే నంబరు పెట్టిన బోర్డులన్నీ ఒకదాని మాట ఒకటి వింటాయండీ. మీరు వేరే నంబరు పెట్టుకోండి,” అంది కంప్యూటర్ టీచర్.

“మీరే మార్చుకోవచ్చుగా?”

“పేచీ బోర్డుతోనా, నాతోనా?”

ఆ పేచీతో మొదలైన రాకపోకలు ఆగలేదు. వైరు ఊడిందనో, బ్యాటరీ అయిపోయిందనో అతనికి రోజుకో వంక. మంచి బ్యాటరీని జేబులో దాచుకుని మరీ వస్తాడని ఆమెకు తెలుసు. తెలిసే కొత్తది ఇచ్చేది.

ఆమె తీరే అంత. పిల్లలు ప్రోగ్రాం తప్పు రాస్తే చెయ్యి పట్టి దిద్దదు. వాళ్లే కనుక్కునేదాకా పక్కన కూర్చుంటుంది. ఇతని విషయంలోనూ అలాగే ఓపిక పట్టింది.

ఇంతలో వేరే ఊళ్లో పెద్ద స్కూలు నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. ఆ సంగతి స్టాఫ్‌రూమంతా తెలిసిపోయింది. వెళ్లేదీ లేనిదీ ఈ సాయంత్రంలోగా హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పాలి. వెళ్లడానికి కారణాలు బోలెడు. ఉండడానికి ఒక్కటే. అదేమో నోరు విప్పదు.

చివరి పీరియడ్‌లో గదిలోని బోర్డులన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని వెంట ఒకటి నడిచిపోతుంటే పిల్లలు కూడబలుక్కుని గట్టిగా చదివారు.

“వె... ళ్ల... కం... డి!”

“ఎవరు వెళ్లకూడదు టీచర్? మేమా?”

“బెల్లు కొట్టినా వదలరేమోరా!”

బెల్లు మోగడమే ఆలస్యం, సంచులు పట్టుకుని అందరూ పరుగో పరుగు.

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తనకొక్కదానికే పంపాలని తన బోర్డు నంబరు పెట్టాడు మహానుభావుడు. అది క్లాసు మొత్తానిదని మరిచిపోయాడు.

అతను చెమటలు కక్కుతూ వచ్చాడు.

“అది... మీకొక్కరికే...”

“ఊరంతా విన్నట్టే మాస్టారూ.”

“మీరుంటే పిల్లలకు మంచిదని...”

“పిల్లల కోసమేనా?”

ఆమె తొందరపెట్టలేదు. వరండాలో సందడి పూర్తిగా సద్దుమణిగింది.

“కాదు. నా కోసం.”

ఆమె బల్ల సర్దుకుని లేచింది. “ఉంటానని హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పొస్తాను. ఆదివారం మీరు మా ఇంటికొచ్చి ఇదే మాట మా అమ్మకు చెప్పాలి.”

“బోర్డు తెచ్చుకోవచ్చా?”

“నోరు తెచ్చుకోండి, చాలు.”